రెండో ప్రతి ఎవరి దగ్గర?

మారండహళ్ళి తమిళనాడులోని ధర్మపురి జిల్లా పాలక్కోడు తాలూకాలోని ఒక పట్టణ పంచాయతీ. తమిళం, తెలుగు, కన్నడం మూడూ వినబడే సీమ. ఇక్కడి రైతుకు ఇవాళ పొలం చిట్టా కావాలంటే ఇ-సేవై కేంద్రానికి వెళ్తాడు. లేదంటే ఫోన్లోనే సర్వే నంబరు కొట్టి తీసుకుంటాడు. అలాంటి ఇంట్లోనే పిల్లల మార్కుల పత్రాలు డిజిలాకర్‌లో ఉంటాయి, పెళ్ళి ఫొటోలు గూగుల్ ఖాతాలో ఉంటాయి, చిన్న వ్యాపారం ఏదైనా ఉంటే దాని లెక్కలు వన్‌డ్రైవ్‌లో ఉంటాయి. నిన్నటి దాకా ఇంటి కంప్యూటర్లో ఉన్న ఫైళ్ళన్నీ ఒక్కొక్కటే క్లౌడుకు చేరాయి. చాలామంది దీన్ని ఈ పదిహేనేళ్ళలో పుట్టిన వింతగా చూస్తారు. సరంజామా కొత్తదే గాని వ్యవహారం పాతది. తన కాగితాన్ని తన ఇంటికన్నా గట్టిదనుకున్న చోట, మరొకరి చేతిలో పెట్టి రావడం ఈ సీమలో 230 ఏళ్ళకు పైగా నడుస్తోంది. అన్నేళ్ళ అనుభవం నుంచి నాకు తేలిందేమిటంటే, ఒకరికొకరు లోబడని ఇద్దరు ముగ్గురి దగ్గర ప్రతులున్న కాగితమే ఇక్కడ నిలిచింది. ఎంత గట్టి పెట్టెలో పెట్టినా ఒకరి చేతిలోనే ఉన్న కాగితానికి భరోసా లేకపోయింది. క్లౌడుకు ఫైళ్ళు పంపడంలో ఇవాళ మనం అలవాటు చేసుకుంటున్న పద్ధతి ఈ రెండో రకానిది.

అన్నిటికన్నా పాత ఏర్పాటు కరణానిది. ఊరి ఎల్లలు, మాన్యాలు, సాగు, శిస్తు బాకీ, ఎవరి పొలం ఎవరికి మారిందన్న సంగతి అన్నీ కరణం కవిలెలో ఉండేవి. ఆ కవిలె కట్టలు కరణం ఇంట్లోనే ఉండేవి. పదవి వంశపారంపర్యం కాబట్టి కట్టలూ తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. ఊరి జ్ఞాపకమంతా ఒక ఇంటి అటక మీద ఉండేదన్నమాట. ఆ అటకకు నిప్పంటుకున్నా, చెదలు పట్టినా, దాయాదుల తగాదాలో కట్టలు చీలిపోయినా ఊరికి వేరే ఆధారం లేదు. ఆ కట్టల్లో ఏముండేదో ఇవాళ మనకు కొంతైనా తెలుస్తోందంటే కారణం ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ. ఆయన కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ళ వెంట ఉన్న గుమాస్తాలు ఊళ్ళు తిరిగి కరణాల దగ్గరి సమాచారం ఎత్తి రాశారు. 1821లో మెకంజీ పోయాడు. ఆ సేకరణను ఈస్టిండియా కంపెనీ కొన్నది. అందులో మద్రాసుకు తిరిగొచ్చిన తెలుగు కైఫీయత్తులు, అంటే ఊళ్ళ వృత్తాంతాలు, శిథిలమవుతుంటే సి.పి. బ్రౌన్ మళ్ళీ నకళ్ళు రాయించాడు. తెలుగు ఊళ్ళ చరిత్ర రాసేవాళ్ళు ఇవాళ ఆధారపడేది చాలావరకు నకళ్ళ మీదే. తాటాకు మూలాల్లో ఎక్కువ భాగం పోయింది. పరాయివాడు తన అవసరానికి ఎత్తుకుపోయిన ప్రతి మిగిలింది, భద్రంగా ఇంట్లో దాచుకున్నది మిగల్లేదు. క్లౌడును సమర్థించేవాళ్ళకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను చూపలేను. అందుకే దాన్ని ముందే చెప్పేశాను.

ధర్మపురి సీమలో ఈ ఏర్పాటు కదిలింది 1792లో. శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాను ఈ సీమ ఉన్న బారామహల్‌ను కంపెనీకి వదులుకున్నాడు. కొత్త జిల్లా పాలన కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు అప్పజెప్పారు. ఆయన కింద థామస్ మన్రో, విలియం మెక్లౌడ్, జేమ్స్ గ్రాహం సహాయకులు. 1799 వరకు ఇక్కడున్న మన్రో ధర్మపురిలో మకాం పెట్టి పనిచేశాడు. వీళ్ళకు ఎదురైన మొదటి చిక్కు లెక్కలే. ఊరి లెక్క కరణం నోట్లో ఉంది. అతను చెప్పినదాన్ని సరిచూసుకోవడానికి రెండో ఆధారం లేదు. అందుకని పొలాలనే కొలిపించారు. ఒక్కో పొలానికి విస్తీర్ణం, శిస్తు, సాగుదారు పేరు రాయించారు. 1796లో రీడ్ వెలువరించిన ప్రకటన రైతుతో నేరుగా ఒప్పందం కుదుర్చుకునే పద్ధతికి రూపమిచ్చింది. రైత్వారీ అని మనం చదువుకున్నది ఇదే. తర్వాత దీన్ని మన్రో దత్తమండలాలకు తీసుకుపోయాడు. రాయలసీమ రైతు చేతికొచ్చిన పట్టాకు మొదటి ఒరవడి ధర్మపురి చుట్టుపక్కల పొలాల్లో పడింది. పాఠ్యపుస్తకాలు రైత్వారీని పన్ను విధానంగానే చెప్పి వదిలేస్తాయి. కాగితాల సంగతిగా చూస్తే అందులో అంతకన్నా పెద్ద మార్పు ఉంది. ఒకే చోట ఉన్న లెక్క మూడు చోట్లకు చేరింది. కరణం దగ్గర గ్రామ లెక్క, కచేరీలో సర్కారు లెక్క, రైతు చేతిలో పట్టా. మూడింటికీ యజమానులు వేరు, మూడింటిలోనూ ఎవరి స్వార్థం వాళ్ళది. కరణం శిస్తు పెంచి రాస్తే పట్టా చూపి అడగొచ్చు. రైతు తగ్గించి చెబితే కచేరీ లెక్క ఉంది.

ఆ తర్వాత కొన్నేళ్ళకే సేలం, బారామహల్ ప్రాంతాల్లో ఊళ్ళను మిట్టాలుగా విడగొట్టి వేలం వేశారు, మిట్టాదారులనే భూస్వాములు వచ్చారు. విధానం తలకిందులైంది, అయినా కాగితాల జాగ్రత్త పోలేదు. 1802లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన 30వ రెగ్యులేషన్ ప్రకారం భూస్వామి రైతుకు పట్టా ఇవ్వాలి, రైతు భూస్వామికి ముచ్చలిక రాసివ్వాలి. తన మాట రాసిన కాగితం ఎదుటివాడి దగ్గర, ఎదుటివాడి మాట రాసిన కాగితం తన దగ్గర. ఇందులోని తెలివి గమనించాలి. తన చేతిలో ఉన్నదాన్ని దిద్దుకుంటే తనకు లాభం లేదు, ఎందుకంటే ఎదుటివాడి దగ్గరున్న ప్రతి దాన్ని పట్టిస్తుంది. అదే ఏడాది వచ్చిన 29వ రెగ్యులేషన్ కరణాలు లెక్కలు ఎలా ఉంచాలో, ఎవరికి చూపాలో నిర్దేశించింది. ఊళ్ళలో అమలు ఎంత సవ్యంగా జరిగిందన్నది వేరే చర్చ. చదువురాని రైతుకు పట్టాలో ఏం రాశారో చదివి చెప్పేవాడు మళ్ళీ కరణమే అన్న చేదు నిజమూ ఉంది. ఏర్పాటు మాత్రం సరైనదే.

ఈ ఏర్పాటుకు నేను చూసినంతలో ఉత్తమమైన రూపం రిజిస్ట్రారు కచేరీ. 1864 చట్టంతో మొదలై 1908 చట్టం దాకా సాగిన ఈ పద్ధతి మన కళ్ళ ముందే ఉన్నా, దాని గొప్పతనం మనకు పట్టదు. క్రయపత్రం తీసుకుని సబ్ రిజిస్ట్రారు దగ్గరికి వెళ్తే ఆయన దాన్ని ఉంచేసుకోడు. కచేరీలో అక్షరం పొల్లుపోకుండా నకలు ఉంచుకుని, అసలు పత్రం మీద నంబరు, పుస్తకం, పుట వేసి తిరిగిచ్చేస్తాడు. పేర్ల వరుసలో ఒక సూచిక, ఆస్తుల వరుసలో ఇంకో సూచిక కడతారు. ఇంట్లో అసలు పత్రం కాలిపోతే రుసుము కట్టి ధ్రువీకరించిన నకలు తెచ్చుకోవచ్చు. కచేరీ పుస్తకంలో పుట చిరిగితే ఇంట్లో అసలుంది. ఆ ఆస్తి మీద ఇంకేమైనా లావాదేవీ నడిచిందా అని తెలుసుకోవాలంటే ఈసీ తీయొచ్చు, తమిళనాట దాన్నే విల్లంగం సర్టిఫికెట్ అంటారు. అసలు ఇంట్లో, నకలు సర్కారులో, ఇంకెవరికి కావాలన్నా వాళ్ళకో నకలు. గుమాస్తా చేత్తో రాసిన రోజుల్లో ఇది ఎంత శ్రమో ఊహించండి. నకలు అవసరం లేదు, అసలే మా దగ్గర ఉంచండి, కావాలన్నప్పుడు చూపిస్తాం అని ఆ కాలపు ప్రభుత్వం అనుంటే కచేరీకి సగం పని తప్పేది. అది అలా అనలేదు. క్లౌడు కంపెనీలు మనతో అంటున్నది మాత్రం దాదాపు అదే.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళు ముందుగా కరణాన్ని చూపిస్తారు. ఊళ్ళో ఉన్న కాగితం ఊరి పెద్దల చేతిలో ఆయుధమైందనీ, దాన్ని దూరంగా నిష్పక్షపాతమైన చోట పెట్టడమే పేదకు మేలనీ అంటారు. ఇందులో చాలా నిజం ఉంది. 1895 నాటి మద్రాసు చట్టం గ్రామోద్యోగాలను వంశాలకు కట్టిపెట్టింది. పుట్టుకను బట్టి ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని గాజుల దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు చెప్పడానికి 1960 దాకా ఆగాల్సి వచ్చింది. 1980 నవంబరులో ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వం తమిళనాడులో పార్ట్‌టైమ్ గ్రామోద్యోగుల పదవులు రద్దు చేసింది. ఇరవై వేలకు పైగా పదవులు పోయాయి, 1982లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ఆంధ్రప్రదేశ్‌లో అదే పని చేశారు. ఊరి లెక్కలు ఇళ్ళలోంచి బయటికొచ్చి ప్రభుత్వ ఉద్యోగి చేతికి చేరాయి. మంచి పనే. ఆ పాత పెత్తనం తిరిగి రావాలని నేను కోరుకోను. కాని కరణం దగ్గర తప్పు ఎక్కడుంది? కాగితం ఊళ్ళో ఉండటంలో లేదు. దాన్ని దిద్దేవాడు, కాపాడేవాడు, అడిగినవాడికి చదివి చెప్పేవాడు ఒక్కడే కావడంలో ఉంది. ఆ ఒక్కడు ఊరి నుంచి రాజధానికి మారినంత మాత్రాన తప్పు పోదు.

తమిళనాడులోనే దీనికి రుజువుంది. 1979 నుంచి 1987 దాకా రాష్ట్రమంతటా భూమి రిజిస్టర్లను తాజాపరిచారు. రెవెన్యూ భాషలో దాన్ని యూడీఆర్ అంటారు. పాత రిజిస్టర్ల స్థానంలో కొత్త ‘ఏ’ రిజిస్టర్, కొత్త పట్టాలు వచ్చాయి. అంత పెద్ద పనిలో తప్పులు దొర్లాయి. ఒకరి పొలం ఇంకొకరి పేరున ఎక్కింది, విస్తీర్ణాలు మారాయి, వారసుల పేర్లు ఎగిరిపోయాయి. ఆ తప్పుల సవరణ అర్జీలు ఇవాళ్టికీ జిల్లా రెవెన్యూ అధికారుల ముందు నడుస్తూనే ఉన్నాయి. అర్జీదారు నెగ్గేది దేనితో? యూడీఆర్‌కు ముందటి పట్టాతో, తాత కాలం నాటి క్రయపత్రంతో, రిజిస్ట్రారు కచేరీలోని నకలుతో. అంటే కొత్త రిజిస్టర్ తాకలేకపోయిన కాగితాలతో. అవి ఎవరి దగ్గర లేవో వాళ్ళకు కొత్త రిజిస్టర్ చెప్పిందే నిజం. తర్వాత ఈ రిజిస్టర్లే తమిళ్ నిలం అనే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కాయి, తప్పులూ వాటితోపాటే ఎక్కాయి. మరో పక్క ఇనాముల కథ కూడా ఇదే చెబుతుంది. 1858లో ఏర్పడ్డ ఇనాం కమిషన్ ముందుకు జనం సనదులూ రాగి శాసనాలూ మోసుకొచ్చి హక్కు నిరూపించుకున్నారు. కమిషన్ కట్టిన రిజిస్టరే నేటి కోర్టుల్లో వాళ్ళ మునిమనవళ్ళకు ఆధారమవుతోంది. ఒక తరాన్ని ఇంటి కాగితం కాపాడింది, మరో తరాన్ని సర్కారు ప్రతి కాపాడింది.

కంప్యూటర్ల దశకు వచ్చేసరికి తెలుగు నేల ముందుంది. 1988-89లో కేంద్రం భూరికార్డుల కంప్యూటరీకరణను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఎనిమిది జిల్లాల్లో రంగారెడ్డి ఒకటి. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి అనే భూరికార్డుల పోర్టల్ వచ్చింది. తెలంగాణలో 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను రద్దు చేసి, వాళ్ళ దగ్గరున్న రికార్డులు తెప్పించుకున్నారు. అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేసారి పూర్తవడం నిజంగా పెద్ద సౌకర్యం. కాని పోర్టల్లో పేరు తప్పు పడినవాళ్ళకు, పట్టా భూమి నిషేధిత జాబితాలోకి ఎక్కినవాళ్ళకు ఊళ్ళో అడిగే మనిషి లేడు. దీనికి ఆధారమైన 2020 చట్టంలో రెవెన్యూ అప్పీలు లేదు, మిగిలింది సివిల్ కోర్టు. 2025లో ధరణి స్థానంలో భూభారతి తెచ్చి, అప్పీళ్ళకు మళ్ళీ చోటిచ్చి, గ్రామాలకు మళ్ళీ అధికారులను నియమించాల్సి వచ్చింది. దూరంగా ఉన్న ఒకే ప్రతి ఎంత పక్కాగా ఉన్నా, దాన్ని ప్రశ్నించడానికి ఇంకో ప్రతి లేనప్పుడు ఏమవుతుందో ఈ అయిదేళ్ళు చూపించాయి.

ఇక సొంత ఫైళ్ళు. 2008లో డ్రాప్‌బాక్స్, 2012 ఏప్రిల్లో గూగుల్ డ్రైవ్ జనంలోకి వచ్చాయి. అప్పటిదాకా ఫైలు ఇంటి హార్డ్‌డిస్కులో ఉండేది, ముఖ్యమైనదైతే సీడీ మీదికో పెన్‌డ్రైవ్‌లోకో ఒక నకలు పోయేది. కొత్త సేవలు తెచ్చింది సింక్ పద్ధతి. సింక్ అంటే నకలు తీసి పక్కన పెట్టడమని చాలామంది అనుకుంటారు. అది రెండు చోట్లా ఒకే స్థితిని ఉంచడం. ఇక్కడ తుడిస్తే అక్కడా పోతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులుండి శాశ్వతంగా తుడిచిపెట్టుకుపోతుంది. వన్‌డ్రైవ్‌లో ఫైల్స్ ఆన్-డిమాండ్ అనే ఏర్పాటు ఉంది. ఫోల్డర్ తెరిస్తే ఫైలు పేరు, బొమ్మ అన్నీ కనిపిస్తాయి, లోపలి సరుకు మాత్రం సర్వరులో ఉంటుంది. నెట్ లేనప్పుడు తెరవబోతే గాని మన కంప్యూటర్లో ఉన్నది పేరు మాత్రమేనని తెలియదు. గూగుల్ డాక్స్‌లో రాసినది కంప్యూటర్లో ఫైలులా కనిపించినా అది చిరునామా మాత్రమే, దాన్ని పెన్‌డ్రైవ్‌కు ఎక్కిస్తే చిరునామాయే ఎక్కుతుంది. 2015లో వచ్చిన డిజిలాకర్‌లోనూ ‘జారీ అయిన పత్రాలు’ అన్నవి జారీ చేసిన సంస్థ దగ్గరి రికార్డుకు దారి చూపేవి. వాటికి అసలు పత్రంతో సమానమైన చెల్లుబాటును 2017లో నిబంధనలు ఇచ్చాయి, అందులో తప్పేమీ లేదు. మనం ఎక్కించుకున్న పత్రాలు మాత్రమే అందులో మన ప్రతులు. అంటే కరణం కాలం నుంచి రిజిస్ట్రారు కాలం దాకా సాధించుకున్నది, అసలు మన చేతిలో నకలు వాళ్ళ చేతిలో ఉండటం, ఇప్పుడు తిరగబడింది. అసలు వాళ్ళ దగ్గరుంది. మన దగ్గరున్నది దాని నీడ.

ఇక్కడ కంప్యూటర్ తెలిసినవాళ్ళు ఒక గట్టి అభ్యంతరం చెబుతారు. పెద్ద కంపెనీలు ఒక్కో ఫైలును వేర్వేరు యంత్రాల్లో అనేక ప్రతులుగా ఉంచుతాయి, ఇంటి డిస్కు పాడయ్యే అవకాశంతో పోలిస్తే అవి పోగొట్టే అవకాశం నామమాత్రం అని. డిస్కు పాడవడం గురించైతే ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. కాని ఆ ప్రతులన్నీ ఒకే తాళంచెవి కింద ఉన్నాయి. ఖాతా మూసుకుపోతే అన్నీ ఒకేసారి మూసుకుపోతాయి. రెండేళ్ళు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగిస్తామని గూగుల్ 2023లో ప్రకటించి ఆ డిసెంబరు నుంచి అమలు మొదలుపెట్టింది. ఇంటిపెద్ద పోయాక ఆయన ఫోన్ పాస్‌వర్డు ఎవరికీ తెలియని కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. మైస్పేస్ అనే అమెరికా సంస్థ 2015కు ముందు జనం ఎక్కించిన పాటలను సర్వర్లు మార్చడంలో పోగొట్టుకున్నామని 2019లో ఒప్పుకుంది. 2021 మార్చిలో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్‌లో ఓవీహెచ్ డేటా కేంద్రం కాలిపోయినప్పుడు వేరే చోట ప్రతి ఉంచుకోనివాళ్ళు నష్టపోయారు.

వీటన్నిటికన్నా మనం శ్రద్ధగా చదవాల్సింది దక్షిణ కొరియా అనుభవం. అక్కడి ప్రభుత్వోద్యోగులకు ఆఫీసు కంప్యూటర్లలో ఫైళ్ళు ఉంచుకోవద్దని, జి-డ్రైవ్ అనే ప్రభుత్వ క్లౌడులోనే ఉంచాలని ఆదేశం ఉండేది. భద్రత కోసమే పెట్టిన నియమం అది. 2025 సెప్టెంబరు 26న దేజాన్ నగరంలోని జాతీయ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీలను తరలిస్తుండగా మంటలు లేచాయి. 858 టెరాబైట్ల జి-డ్రైవ్ సమాచారం కాలిపోయింది. అది మరీ పెద్దదన్న కారణంతో బయట ఎక్కడా ప్రతి ఉంచలేదు. నియమాన్ని తు.చ. తప్పక పాటించిన శాఖే ఎక్కువ నష్టపోయింది, జి-డ్రైవ్‌ను అంతగా వాడని శాఖకు నష్టం తక్కువైంది. సాంకేతికంగా ప్రపంచంలో ముందు వరసలో ఉన్న దేశంలో జరిగిందిది. బారామహల్‌లో 1792కు ముందటి కరణం అటకకూ దీనికీ తేడా కొలతల్లోనే.

ఇంకొక అభ్యంతరం సామాన్యుడి తరఫున వచ్చేది. పాలక్కోడు సంతలో టమాటాలు అమ్ముకునే మనిషి హార్డ్‌డిస్కులు కొని, ఏటేటా నకళ్ళు తీసి, వాటికి బూజు పట్టకుండా చూసుకోగలడా? క్లౌడు లేకపోతే అతని ఫోన్ నీళ్ళలో పడిన రోజునే అన్నీ పోతాయి కదా? ఈ మాటకు నేను తలొగ్గుతాను. క్లౌడు అక్కరలేదనడం రిజిస్ట్రారు కచేరీ అక్కరలేదన్నట్టే ఉంటుంది. నా అభ్యంతరం క్లౌడు మీద కాదు, ఇంట్లో ప్రతి మిగల్చని తరలింపు మీద. పైగా సామాన్యుడికి కాపాడుకోవాల్సిన ఫైళ్ళు వేలల్లో ఉండవు. భూమి పత్రాలు, చదువు సర్టిఫికెట్లు, బ్యాంకు, బీమా కాగితాలు, ఇంటిల్లిపాది మెచ్చిన కొన్ని ఫొటోలు. ఇవన్నీ ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో పడతాయి, అతి ముఖ్యమైనవి కాగితం మీద ముద్రించుకోవచ్చు. మిగిలిన వేల ఫార్వర్డులు, సినిమా ముక్కలు పోతే పోనీండి. రీడ్ దొర కూడా ఊరి ముచ్చట్లన్నీ రాయించలేదు. వ్యక్తిగత సమాచారాన్ని సరిదిద్దమని కోరే హక్కును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం గుర్తించింది. కాని ఏది సరో చూపడానికి మన దగ్గర ఒక ప్రతి ఉండాలి, యూడీఆర్ అర్జీదారుకు పాత పట్టా ఉన్నట్టు.

రెవెన్యూ లెక్కల్లో ఫసలీ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. దాని ముందర తాలూకా కచేరీలో జమాబందీ జరుగుతుంది, ఊరి లెక్కలను పై అధికారి ముందు పెట్టి సరిచూస్తారు. ఎంత నీరసంగా జరిగినా ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. క్లౌడులో ఫైళ్ళున్న ప్రతి ఇంటివారినీ నేను కోరేది, ఏటా ఆ రోజుల్లో ఒక పూట దీనికి కేటాయించమని. గూగుల్ టేకవుట్ లాంటి సదుపాయంతో మీ ఫైళ్ళు దించుకోండి. డాక్స్‌లో ఉన్నవాటిని పీడీఎఫ్‌గా మార్చుకోండి. దించినవి నెట్ ఆపేసి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఒక ప్రతి మీ ఇంట్లో, ఇంకొకటి వేరే ఊళ్ళో ఉన్న తోబుట్టువు ఇంట్లో ఉంచండి. ఖాతా తెరిచే వివరాలు ఇంట్లో ఇంకొకరికి తెలిసేలా రాసిపెట్టండి. ఈ పని పూర్తయ్యేదాకా, స్థలం ఖాళీ చేయమని ఫోన్ ఎన్నిసార్లు అడిగినా, ఒక్క ఫైలు కూడా తుడవకండి.